గదినిండా నందులే

బాగేపల్లి, చింతామణి వైపు ఓటర్ల జాబితా తిప్పితే నారాయణస్వాములు, వెంకటరవణప్పలు వరసగా వస్తారు. ముందు ఇనీషియల్ చేరిస్తేగానీ ఎవరెవరో తేలదు. డిస్కులేని కంప్యూటర్ల ల్యాబులోనూ ఇదే తంటా.

అక్కడ మిషన్లన్నీ సర్వర్లోని ఒకే రూట్ ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పంచుకుంటాయి. పాత పెట్టెలకు ఇంతకంటే చవక దారి నాకు తెలీదు. అప్‌డేట్ ఒక్కచోట చేస్తే చాలు. కానీ హోస్ట్‌నేమ్ ఫైలు కూడా ఒక్కటే! అందులో ‘నంది’ అని రాస్తే గదిలో ఉన్నవన్నీ నందులే.

అందుకే పేరు ఫోల్డర్లో ఉండకూడదు, మిషన్ లేచేటప్పుడు తీగమీద అందాలి. నెట్‌వర్క్ కార్డుకు ఫ్యాక్టరీలో వేసిన 48 బిట్ల మ్యాక్ అడ్రసు ఉంటుంది. అది చెప్పి ‘నేనెవర్ని’ అని అడగడం 1984లో ఆర్‌ఏఆర్‌పీతోనే ఉంది. మరుసటి ఏడు బూట్‌పీ, 1993లో డీహెచ్‌సీపీ వచ్చాయి. సర్వర్లో ఒక్కో మిషన్‌కు ఒక్కో లైను: మ్యాక్, పేరు, ఐపీ. హోస్ట్‌నేమ్ ఫైలు మాత్రం తీసేయాలి, ఉంటే దాని మాటే నెగ్గుతుంది.

పేర్లు నేను చిక్కబళ్ళాపురం జిల్లావే పెడతాను: నంది, కైవారం, గడిదం, ఆలంబగిరి, మురుగమల్ల. పీసీ-07 అంటే ఏ బల్లో పిల్లలకు గుర్తుండదు. ‘మురుగమల్ల నిల్చిపోయింది సార్’ అంటే నేరుగా వెళ్ళొచ్చు. మ్యాక్‌లు రాసుకోవడమే విసుగు. పెట్టె వెనక దుమ్ములో 12 అక్షరాలు, 8కీ బీకీ తేడా తెలియదు. బూటయ్యేటప్పుడు తెరమీద చూసి రాసుకోవడం మేలు. మదర్‌బోర్డు కాలి కొత్తది వేస్తే మ్యాక్ మారుతుంది, ఆ లైను దిద్దాలి. పేరు బల్లది, బోర్డుది కాదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మెషీన్-ఐడీ అని 32 అక్షరాల ఫైలు ఇంకోటుంది. సిస్టమ్‌డి నెట్‌వర్క్ భాగం ఐపీ అడిగేటప్పుడు దాన్నుంచే తన గుర్తింపు అల్లుకుంటుంది. అది అన్నిటికీ ఒకటే అయితే రెండు మిషన్లు ఒకే ఐపీ కోసం కొట్టుకోవచ్చు. రూట్‌లో రాయడానికి వీల్లేకుండా చేసి ఆ ఫైలును ఖాళీగా వదిలితే బూటైన ప్రతిసారీ కొత్తది పుడుతుంది. లాగులు మిషన్‌వారీగా దాచుకోవాలంటే కెర్నల్ లైనులోనే ఒక్కోదానికి స్థిరమైనది ఇవ్వాలి.

మిగతా రాతలకు రూట్‌ను చదవడానికి మాత్రమే ఇచ్చి, పైన ర్యామ్‌లో ఓవర్‌లే పరిస్తే ఒకరి రాత ఇంకొకరిమీద పడదు. ఈ ఓవర్‌లే 2014 నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది.

ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు అన్నిటికీ ఒకటే ఉంటే ఒక మిషన్ ఇంకోదానిలా నటించగలదు. బడి ల్యాబులో నేను దానికి పట్టింపు పెట్టుకోను, ఆఫీసులో ఒప్పుకోను. మ్యాక్ కూడా గుర్తేగానీ సాక్ష్యం కాదు, ఒక్క కమాండుతో మార్చుకోవచ్చు.