టిన్ ఫ్యాక్టరీ దగ్గరే దిగాల

మదనపల్లె నుంచి బెంగుళూరుకు సుమారు 120 కిలోమీటర్లు. చింతామణి, హొసకోట మీదుగా రోజూ బస్సులున్నాయి. మావాళ్ళు వాటిని ఎక్కేది పనిబడినప్పుడే. టమోటా లెక్కలకు, ఆసుపత్రికి, పిల్లల ఇంటర్వ్యూలకు, చిక్‌పేట అంగళ్ళలో పట్టుచీరలు అప్పజెప్పడానికి పోతారు. పని ముగియగానే అదే సాయంత్రం వెనక్కి. ఇన్నేళ్ళు పోయివచ్చినా ఆ ఊరు మాకు తెలియదు. పెళ్ళిరోజున భార్యాభర్తలు సరదాగా ఎక్కడికైనా పోవాలంటే హార్సిలీ కొండ ఎక్కి, గాలిబండ మీద కాసేపు కూర్చుని దిగడమే మా అలవాటు.

నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే ఒక ఇంటి ఇల్లాలు తన 25వ పెళ్ళిరోజుకు ఈ అలవాటు మార్చింది. నేను ఆమెను అక్కా అంటాను. భర్త గుంతమగ్గం మీద నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది, ఇల్లు చూసుకుంటుంది, లెక్కలు రాస్తుంది. ఆయన్ని శనివారం, ఆదివారం బెంగుళూరులో తిప్పి తీసుకొచ్చింది. దానికోసం కూతురి పాత నోటుపుస్తకంలో ఆమె రాసుకున్న పుట ఇప్పుడు నా ముందుంది, ఆమె ఇష్టంగానే ఇచ్చింది. చేతిపనిని మెచ్చుకునేటప్పుడు చీరను, శిల్పాన్ని, వంటను ఎత్తి చూపిస్తాం. ఈ పుట కూడా ఆ వరుసలో నిలబడేదేనని నా గట్టి నమ్మకం. అందులో ఏ పంక్తి ఎందుకు అక్కడుందో చూస్తే ఆ పనితనం తెలుస్తుంది.

మొదటి నేర్పు రోజుల ఎంపికలో ఉంది. వాళ్ళ పెళ్ళిరోజు వారం మధ్యలో పడింది. ముందున్న శనివారమా, వెనకున్న శనివారమా అని చాలామంది క్యాలెండరు తిప్పుతారు. ఆమె మగ్గం వైపు చూసింది. పడుగు ఎప్పుడు అయిపోతుందో లెక్కవేసింది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతికించాలి, అది ఓపికతో కూడిన పని. ఆ అతుకు పడేదాకా నేతగాడికి మగ్గం మీద పని ఉండదు. అతుకు వేసేవాళ్ళను సరిగ్గా ఆ శనివారానికే రమ్మని చెప్పి, పెద్దకొడుకును ఇంట్లో ఉంచింది. దాంతో రెండు రోజులు ఊరు విడిచినా ఒక్క చీర కూలి తగ్గలేదు. “మగ్గం ఆగిందనే దిగులుంటే ఆయన యాడున్నా ఈడున్నట్టే” అంది. పక్కన కూర్చున్న మనిషి మనసు ఇంట్లో మిగిలిపోకుండా చూసుకోవడం ఈ ప్లానుకు పునాది. దీని తర్వాతే బస్సులు, లాడ్జీలు.

పుటలో మొదటి పంక్తి కింద రెండు గీతలున్నాయి: “టిన్ ఫ్యాక్టరీ దగ్గరే దిగాల.”

మావైపు బస్సు కృష్ణరాజపురం దాటి టిన్ ఫ్యాక్టరీ వచ్చేసరికి నగరం మొదలవుతుంది, ట్రాఫిక్ కూడా అక్కడే మొదలవుతుంది. అక్కడి నుంచి మెజెస్టిక్ దాకా సీట్లో చిక్కుకుని కూర్చోవడమే అందరికీ తెలిసిన దారి. ఆయన కూడా చీరల మూటతో ఏళ్ళ తరబడి అట్లాగే పోయాడు. టిన్ ఫ్యాక్టరీ పక్కనే బెన్నిగానహళ్ళి మెట్రో స్టేషనుంది, 2023 అక్టోబరు నుంచి అక్కడ రైళ్ళు ఆగుతున్నాయి. ఊదారంగు లైనులో మెజెస్టిక్, అక్కడ పచ్చరంగు లైనుకు మారితే చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్, నేషనల్ కాలేజి, ఆ వెంటనే లాల్‌బాగ్. రెండు రోజులూ ఈ రెండు లైన్ల మీదే నడవాలని ఆమె నిర్ణయం. కొత్త ఊర్లో ఆటో బేరాలతో మొదలైన పొద్దు చిరాకుతోనే సాగుతుందని ఆమెకు తెలుసు. ఇంకో కారణం ఆయన మోకాళ్ళు. గుంతలో కాళ్ళు పెట్టి పగలంతా తొక్కుళ్ళు తొక్కే మనిషికి మెట్లంటే భయం. లిఫ్టు ఎక్కడుందో స్టేషన్లో అడగాలని పుటలో రాసుకుంది. మరుగుదొడ్ల గురించి కూడా రాసుకుంది. ప్రయాణాల గురించి రాసేవాళ్ళు ఈ మాట దాటేస్తారు కానీ, ఆడవాళ్ళు పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని తిరిగే విహారంలో సంతోషం ఏముంటుంది?

రైలు చిక్‌పేట కిందుగా పోతుంది. తను నేసిన చీరలు ఏ వీధిలో అమ్ముడవుతాయో ఆ వీధి కిందనే ఆయన భార్య పక్కన కూర్చుని పోయాడు. అక్కడ దిగడం ప్లానులో లేదు. పట్టుచీర కొనడానికి దేశమంతా అక్కడికి వస్తుంది. ఆమె మాత్రం ఆయన నేసిన చీర కట్టుకుని వచ్చింది. అంగడి గుమ్మం ఎక్కితే మళ్ళీ బాకీల మాటలు, డిజైన్ల మాటలు వస్తాయని దాన్ని పూర్తిగా వదిలేసింది.

లాడ్జి లాల్‌బాగ్ స్టేషనుకు నడిచిపోయే దూరంలో చూసింది. బెలూన్లు, మంచం మీద గులాబీ రేకులు, కేకు అన్నీ కలిపి యానివర్సరీ ప్యాకేజీలు ఇచ్చే హోటళ్ళు కూడా ఫోనులో కనిపించాయి. వాటిని కోరుకునే జంటలున్నారు, వాళ్ళ ముచ్చట వాళ్ళది. ఆమె అడిగినవి మూడే ప్రశ్నలు: గది వీధి వైపా వెనక వైపా, వేడినీళ్ళు ఎన్నింటి నుంచి, వచ్చిన వేళ నుంచి 24 గంటలు ఇస్తారా లేక అందరికీ మధ్యాహ్నం 12కేనా. తెల్లవారకముందే లేచి బస్సెక్కే దంపతులు తొమ్మిది, పది గంటలకల్లా చేరితే రెండు గంటలు వరండాలో సంచులతో కూర్చోకూడదు కదా. ఇద్దరి ఆధార్ జిరాక్సులు సంచి పై అరలో పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు పులిహోర, పెరుగన్నం. బెంగుళూరు పోయి ఇంటి సద్ది తినడమేమిటని నేనడిగాను. నిద్ర చాలని మనిషిని హోటలు వరసలో నిలబెడితే ఆకలి కోపమవుతుందని ఆమె చెప్పింది. తిని రెండు గంటలు పడుకున్నారు.

సాయంత్రం బసవనగుడి వైపు. గాంధీ బజారులో 1943 నుంచీ నడుస్తున్న విద్యార్థి భవన్ ఉంది. దానికి శుక్రవారం సెలవు, మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం కొన్ని గంటలు మూస్తారు. మళ్ళీ తెరిచే వేళకు అక్కడుండాలని రాసుకుంది. కన్నడ సాహిత్యకారుల బొమ్మలున్న గోడలు, చేతి మీద దోసె పళ్ళేలు వరుసగా పేర్చుకుని వచ్చే వడ్డనవాళ్ళు, దళసరిగా కాలిన మసాలా దోసె. తిన్నాక గాంధీ బజారు పూల అంగళ్ళలో మల్లెపూలు. “పూలు ఆయనే కొనాల, నేను అడగను” అని రాసి ఉంది. కొన్నాడట.

ఆ రాత్రికి ఆమె పెట్టిన కార్యక్రమం నాటకం. ఇక్కడ నాకు ఆమె మీద గౌరవం రెట్టింపయింది. చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి నాటకం, చివర దుర్యోధన వధ ఉంటాయి. పెళ్ళికి ముందు ఆయన ఆ రాత్రి నాటకాల్లో వేషాలు వేసేవాడు. సంసారం, మగ్గం మీద అప్పు వచ్చాక రంగు పూసుకోవడం మానేశాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె మరిచిపోలేదు. జె.పి.నగరులో ‘రంగశంకర’ ఉంది. ‘మాల్గుడి డేస్’ టీవీ ధారావాహిక తీసిన శంకర్ నాగ్ కలగన్న రంగస్థలం అది. 1990లో ఆయన ప్రమాదంలో పోయాక, భార్య అరుంధతి నాగ్ పూనుకుని సాధించిన ఆ నాటకశాల 2004లో తెరుచుకుంది. భర్త జ్ఞాపకంగా ఒక భార్య నిలబెట్టిన చోటికి, భర్త వదులుకున్న ఇష్టాన్ని వెతుక్కుంటూ ఇంకొక భార్య టికెట్లు తీసుకుంది. నాటకం కన్నడంలో అయినా దిగులు లేదు. సరిహద్దు మనుషులం, పైగా చిక్‌పేట వ్యాపారం ఆయనకు కన్నడం నేర్పింది. అక్కడ నాటకం మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వరు. దానికోసం పుటలో ఒక గంట ముందు చేరే వెసులుబాటు ఉంది, రెండు రోజుల్లో ఆటో అని రాసింది కూడా ఈ రాకపోకలకే.

ఆదివారం పొద్దున్న ఇంకా సూక్ష్మమైన లెక్క. మిగిలిన రోజుల్లో తెల్లవారుజామునే మొదలయ్యే మెట్రో ఆదివారం ఏడింటికి గానీ కదలదు. లాల్‌బాగ్ గేట్లు ఆరింటికే తీస్తారు. లాడ్జి అక్కడ ఎందుకు తీసుకుందో నాకు ఇక్కడ పూర్తిగా అర్థమైంది: మెట్రో లేని ఆ గంటకు కాళ్ళే చాలు. స్టేషను వైపున్న పడమటి గేటులో లోపలికి పోవాలి. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించిన తోట అది, ఇప్పుడు 240 ఎకరాలు. నడుమ గాజుటిల్లు, లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ నమూనా చూసి ఇనుమూ అద్దాలతో కట్టింది, పునాది 1889లో పడింది. అది దాటితే కెంపేగౌడ గోపురం నిలబడిన బండ. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. వాలు మెల్లగా ఉంటుంది, మోకాళ్ళు ఓర్చుకుంటాయి. నంది కొండల సూర్యోదయం అందరూ చెప్పేదే అయినా, చీకట్లో కారు మాట్లాడుకుని పోవాలి. ఊరి నడుమ బండ మీద అదే సూర్యుణ్ణి నడిచివెళ్ళి చూడొచ్చని ఆమె కనిపెట్టింది. బండ దిగి ఆ వైపు గేటు దాటితే 1924 నాటి ఎం.టి.ఆర్. దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కరువైతే రవ్వ ఇడ్లీ పుట్టిందని చెప్పుకునే హోటలు అదే. ఒక గేటులో లోపలికి, ఇంకో గేటులో బయటికి, నడిచిన దారి మళ్ళీ నడవకుండా ఆకలి వేసే వేళకు ఇడ్లీ ముందుకు చేరడం. పడుగులో పేక ఒక అంచు నుంచి రెండో అంచుకు పోయినట్టు ఆ పొద్దు సాగింది.

గాజుటింటిని సాయంత్రం వెలుగులో చూడాలని నా అభిప్రాయం, ఆమెకు చెప్పాను కూడా. ఆగస్టులోనో జనవరిలోనో పూల ప్రదర్శన వేళ పోతే ఇంకా అందంగా ఉండేదని ఇరుగుపొరుగు కూడా అన్నారు. జనం తోపులాటలో పూలు చూడొచ్చు గానీ మాట్లాడుకోలేమని ఆమె జవాబు. నాకు అదే సబబుగా తోచింది.

ఆదివారం మధ్యాహ్నానికి లాడ్జి ఖాళీ చేసి, చెరొక సంచితో కబ్బన్ పార్కు. 1870 నాటి ఆ తోటలో ఆదివారం వాహనాలు తిరగనివ్వరు. పుటలో ఆ గంటల ఎదురుగా “ఏమీ లేదు” అని రాసి ఉంది. రాయకుండా వదిలేసిన ఖాళీ కాదిది. ‘ఏమీ లేదు’ అని అక్షరాలా రాసింది, మనసు మారి అందులో మ్యూజియమో, మాలో దూర్చకూడదని. ఇరవై అయిదేళ్ళలో వాళ్ళిద్దరూ పగటిపూట పనిలేకుండా పక్కపక్కన కూర్చున్నది ఎన్నడో గుర్తులేదట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

చివరి ఘట్టం ఆయనకు ముందుగా చెప్పలేదు. పార్కు నుంచి నడిస్తే విధాన సౌధ. కెంగల్ హనుమంతయ్య పట్టుబట్టి కట్టించిన ఆ గ్రానైట్ భవనం 1956లో పూర్తయింది. ఆదివారం చీకటి పడగానే దానికి దీపాలు వెలిగిస్తారు. ఈ రెండు రోజులను శుక్ర, శనివారాలకు జరపకుండా శని, ఆదివారాలకే ఆమె కట్టుబడటానికి ఈ దీపాలు కూడా కారణం. చూసిన తర్వాత ఎదురుగానే మెట్రో స్టేషను. ఊదారంగు లైను, ఎక్కడా మారనక్కర లేదు, దిగితే బెన్నిగానహళ్ళి. కాళ్ళలో బలమున్న శనివారం పొద్దున లైను మారడం, అలసిన ఆదివారం రాత్రి మారకుండా రావడం. బస్సు టికెట్ కూడా మెజెస్టిక్ నుంచి కాకుండా టిన్ ఫ్యాక్టరీలో ఎక్కేట్టు ముందే రిజర్వు చేసింది. ఊరంతా తిరిగిన గీత మొదలైన చోటికే వచ్చి చేరింది. నగరాన్ని ఎరగని మనిషి, ఫోనులో పటం చూస్తూ, కండెలు చుట్టే మధ్య మధ్య ఈ గీత గీసింది.

పుంగనూరులో ఒక రిటైరైన అయ్యవారి దంపతుల ప్లాను కూడా ఇట్లాంటిదే విన్నాను. వాళ్ళకు కారుంది. ములబాగలు మీద పోతూ కురుడుమలె వినాయకుడికి మొక్కి, ములబాగలులో దోసె తిని, హొసకోటలో బంధువుల ఇంట్లో కారు వదిలేశారు. సొంత కారుండి కూడా దాన్ని ఊరి బయట వదలగలగడం పెద్ద వివేకం. డ్రైవింగు సీట్లో ఉన్నవాడు రోడ్డును చూస్తాడు గానీ భార్యను చూడలేడు.

కుప్పం వాళ్ళది రైలు దారి. బంగారుపేట మీదుగా కంటోన్మెంటు. అక్కడి ఒక కుర్ర జంట మొదటి పెళ్ళిరోజుకు పొద్దున పోయి రాత్రికి వచ్చేశారు. ఆ అమ్మాయికి అయిదో నెల. బస్సు వద్దని, మరుగుదొడ్డి ఉన్న రైలే ఖాయం చేసి, కబ్బన్ పార్కు తప్ప ఇంకేదీ పెట్టుకోకుండా, తిరుగు ప్రయాణానికి కిటికీ పక్క సీటు ముందే తీసుకున్నాడు ఆ అబ్బాయి. చిన్న ప్లానే, కానీ ఎక్కడా వంక పెట్టలేం.

నీరుగట్టువారిపల్లెలో అక్క పుటను ఇప్పటికే పక్కిళ్ళవాళ్ళు ఎత్తి రాసుకున్నారు. ఒకావిడ నాటకం తీసేసి తెలుగు సినిమా పెట్టుకుంది. వాళ్ళాయనకు సినిమా అంటే ప్రాణం కాబట్టి ఆ మార్పు సరైనదేనని అక్క ఒప్పుకుంది. ఇంకొకావిడ కబ్బన్ పార్కు గంటల్లో షాపింగు రాసుకుని చూపించడానికి తెచ్చింది. అక్క పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన మళ్ళీ “ఏమీ లేదు” అని రాసిచ్చింది.