గాలి, ట్రైమిక్స్, ఆపైన అరకు ఘాట్

పొద్దున విశాఖలో స్కూబా, సాయంత్రానికి అరకులో బొంగు చికెన్. చాలామందికి నోరూరే ప్రయాణం, నాకు మాత్రం భయం. ఏ లోతుకు ఏ గాలి అన్న చర్చ ఎప్పుడూ సముద్రం అడుగునే ఆగిపోతుంది. పైకొచ్చాక ఆ మనిషి ఎంత ఎత్తు ఎక్కబోతున్నాడో ఎవరూ అడగరు.

ముందు అడుగు సంగతి. 60 మీటర్ల లోతున ఒత్తిడి నీటి పైకంటే 7 రెట్లు. మామూలు గాలితో అక్కడికి దిగితే ఆక్సిజన్ పీడనం 1.47 బార్లకు చేరుతుంది. పనిలో ఉన్న డైవరుకు వాడుకలో ఉన్న హద్దు 1.4. దాటితే ఫిట్స్ రావచ్చు. నీళ్లలో ఫిట్స్ వస్తే మునగడమే. నత్రజని మత్తు అంతకుముందే, 30 మీటర్ల దగ్గరే మొదలవుతుంది. జీలుగు కల్లు ఎక్కువైనవాడికి వచ్చే ధీమా లాంటిదే అది: గేజి మీద అంకె కనిపిస్తుంది, దాని అర్థం మాత్రం బుర్రకెక్కదు. వీటికంటే నన్ను కలవరపెట్టేది గాలి చిక్కదనం. ఆ లోతున లీటరు గాలి 9 గ్రాములు తూగుతుంది, 6.2 దాటొద్దని నిపుణులు చెబుతారు. అంత చిక్కటి గాలిని రొమ్ము తోడలేదు, కార్బన్ డయాక్సైడ్ ఒంట్లోనే పేరుకుంటుంది.

అదే లోతుకు 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతా నత్రజని కలిపిన ట్రైమిక్స్‌తో వెళితే ఆక్సిజన్ 1.26 బార్లు, చిక్కదనం 5.6 గ్రాములు. మత్తు కూడా 30 మీటర్లలో గాలి పీల్చినంత లోపే. హీలియం దిగుమతి సరుకు, ఖరీదెక్కువ. అయినా 60 మీటర్లకు డబ్బు మిగులుతుందని గాలితో దిగడాన్ని నేను ఒప్పుకోను. 2025 జులై 18న విశాఖలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ 300 మీటర్ల దాకా డైవర్లను దించగలదు. ఆ లోతుల్లో మామూలు గాలికి చోటే లేదు.

రుషికొండ దగ్గర తక్కువ లోతుల్లో ఈ తీర్పు తలకిందులవుతుంది. అక్కడ హీలియం దండగ. 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ 33 మీటర్ల దాకా పనికొస్తుంది, ఒంట్లో చేరే నత్రజనీ తగ్గుతుంది.

అయితే అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. దారిలోని శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి తీరంకంటే దాదాపు పదో వంతు తక్కువ. ఒంట్లో మిగిలిన వాయువు బుడగలు కట్టడానికి అది చాలవచ్చు. డైవింగ్ తర్వాత విమానం ఎక్కడానికి డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే గడువులు 610 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తాయి: పైకొస్తూ మధ్యలో ఆగే మజిలీలు అక్కరలేని ఒక్క డైవుకు 12 గంటలు, పలుసార్లు దిగితే 18, మజిలీలతో పైకొచ్చే లోతు డైవులకు అంతకంటే బాగా ఎక్కువ. నైట్రాక్స్ పీల్చాం కదా అని ఆ గడువులను కుదించుకోకూడదు, హీలియానికీ మినహాయింపు లేదు.

అందుకే నన్నడిగితే వరస మార్చమంటాను. ముందు అరకు, బొర్రా గుహలు. కిరండూల్ పాసింజర్‌లో కొండ దిగి వచ్చాక, మర్నాడు సముద్రం.