అమ్మమ్మ సోల, మా కుక్కర్ గ్లాసు

మొన్న అటక దులుపుతుంటే అమ్మమ్మ ఇత్తడి సోల దొర్లి పడింది. అడుగున సొట్ట. లోపల వేలు పెట్టి చూస్తే ఎక్కడా గరుకు లేదు. ఏళ్ల తరబడి బియ్యం, కందిపప్పు రాసుకుని నున్నబడిపోయింది.

పాత్ర ఒకటే అయినా అమ్మమ్మ చేతిలో అది రెండు కొలతలు. పొయ్యి మీదికి తీసేటప్పుడు అరచేత్తో అంచుకు సమంగా గీసేసేది. పక్కింటి బదులు తీర్చేటప్పుడు మాత్రం గోపురం లేవాల్సిందే, గింజలు నేల మీదికి జారుతున్నా ఇంకో గుప్పెడు వేసేది. కొలుస్తూ 'ఒకటి' అనేది కాదు. 'లాభం, రెండు, మూడు...' కళ్లంలో ధాన్యం కొలిచేవాళ్ల మాట వంటింటి దాకా వచ్చేసిందన్నమాట.

నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఆ లెక్కన పుట్టెడు దుఃఖమంటే 1280 సోలల దుఃఖం. కాగితం మీద వేసి మరీ చూశాను. పేర్లు ఇవే అయినా ఊరు మారితే పాత్ర పరిమాణం మారేది. పుట్టింటి సోలకు అలవాటుపడ్డ కోడలు అత్తింట్లో మొదటి నెలంతా తడుముకోవాల్సిందే.

1956 చట్టం తర్వాత కిలోలు, లీటర్లు వచ్చాయి. ఊరికో కుంచం ఉన్నచోట మోసానికి సందు ఎక్కువ కాబట్టి దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. నవ్వొచ్చేది మరొకటి. ఇప్పుడు మా బియ్యం డబ్బాలో ఉన్నది రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ గ్లాసు. 180 మిల్లీలీటర్లు పడుతుంది. అదేం లెక్క అనుకునేదాన్ని. జపాన్‌వాళ్లు బియ్యం కొలిచే పాత కొలత 'గో' అంతే ఉంటుందట. మన సోలను అటకెక్కించి, వాళ్ల సోలను తెచ్చి పెట్టుకున్నాం!

ఆ పూట పంతానికి సోలతోనే బియ్యం పోశాను. కుక్కర్ గిన్నెలోని గీతలేమో ఆ గ్లాసు లెక్కకు పెట్టినవి. నీళ్లెన్నో తెలియలేదు. చివరికి అమ్మమ్మలాగే బియ్యం మీద వేలు ఆనించి మొదటి కణుపు దాకా పోశాను. అన్నం కాస్త మెత్తబడింది.