ఆరు జంప్‌లు, రెండు అంచులు

ఫిగర్ స్కేటింగ్ కొత్తగా చూసేవారికి ప్రతి జంప్ ఒక్కలాగే అనిపిస్తుంది. స్కేటర్ వేగంగా జారుతూ వస్తాడు, ఎగురుతాడు, చేతులు గుండెలకు హత్తుకుని గిర్రున తిరుగుతాడు, ఒంటికాలిపై దిగి వెనక్కి సాగిపోతాడు. వ్యాఖ్యాత మాత్రం ఒకదాన్ని ఫ్లిప్ అంటాడు, మరోదాన్ని లట్జ్ అంటాడు. ఇందులో చూసేవారి కంటి లోపం ఏమీ లేదు. గాలిలో ఆరు జంప్‌లూ దాదాపు ఒక్కటే. తేడా అంతా మంచును వదలబోయే క్షణంలో, పాదం దగ్గర ఉంటుంది. ఆట తెలిసినవారి చూపు అప్పుడు బూటు మీదే ఉంటుంది.

కనుక బూటు నుంచే మొదలుపెట్టాలి. దాని అడుగున బిగించిన బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. ఆ బ్లేడు అడుగు చదునుగా ఉండదు. వెదురుబద్ద లోపలివైపులా నిలువునా సన్నని పల్లం వచ్చేట్టు సానబెడతారు. పల్లానికి అటూ ఇటూ మిగిలిన గట్లే రెండు అంచులు. చిటికెనవేలి వైపున్నది బయటి అంచు, బొటనవేలి వైపున్నది లోపలి అంచు. ఒళ్లు ఏ పక్కకు వాలితే ఆ పక్క అంచు మంచులో దిగుతుంది, దారి కూడా ఆ పక్కకే వంపు తిరుగుతుంది. బ్లేడు ముందు కొసన పళ్లు పళ్లుగా చెక్కిన భాగం టో పిక్. దాన్ని మంచులో గుచ్చితే జారుడు ఒక్కసారిగా ఆగి, ఆ వేగం పైకి లేచే ఊతమవుతుంది. చక్రాల స్కేట్లలో బూటు ముందున్న రబ్బరు స్టాపర్ ఈ పని చేస్తుంది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా రెండు కాంస్యాలు గెలిచిన ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనూ చాలావరకు ఈ జంప్‌ల పేర్లే నడుస్తాయి.

ఎక్కువమంది స్కేటర్లు ఎడమవైపుకు, అంటే గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతారు. ఇక్కడి వివరణంతా వారి లెక్కలోనే. కుడివైపు తిరిగేవారి విషయంలో కాళ్లు మార్చి చదువుకోవాలి. దిగే తీరు ఆరింటికీ ఒక్కటే: కుడికాలు, బయటి అంచు, వెనకదిశ. ఎగిరే తీరు గుర్తించడానికి మూడు ప్రశ్నలు వరసగా వేసుకుంటే చాలు.

మొదటిది: ముఖం వెళ్లే దిశకే ఉండగా ఎగిరాడా? అయితే అది యాక్సెల్. మిగతా ఐదూ వెనక్కి జారుతూ ఎగిరేవే. యాక్సెల్‌కు ఎడమకాలి బయటి అంచుపై ముందుకు సాగుతూ, కుడికాలిని ఎదురుగా పైకి విసిరి లేస్తారు. ముందుకు చూస్తూ లేచి వెనక్కి జారుతూ దిగాలి కాబట్టి అర చుట్టు అదనంగా వచ్చి చేరుతుంది. సింగిల్ యాక్సెల్ అంటే ఒకటిన్నర చుట్లు, ట్రిపుల్ అంటే మూడున్నర. నార్వేకు చెందిన ఆక్సెల్ పాల్సెన్ 1882లో వియన్నాలో దీన్ని చేసి చూపాడు.

రెండో ప్రశ్న: టో పిక్ గుచ్చాడా? గుచ్చకపోతే మిగిలినవి రెండే, సాల్కౌ, లూప్. సాల్కౌలో ఎడమకాలి లోపలి అంచుపై వెనక్కి జారుతూ, వెనకున్న కుడికాలిని చుట్టూ తిప్పి ముందుకు తెస్తారు. ఆ ఊపే మనిషిని లేపుతుంది. 1908 ఒలింపిక్ విజేత, స్వీడన్‌కు చెందిన ఉల్రిక్ సాల్కౌ 1909లో తొలిసారి చేశాడు. లూప్‌లో అలా విసిరే కాలు లేదు. కుడికాలి బయటి అంచుపై మోకాలు బాగా వంచి, ఎడమ పాదాన్ని ముందు అడ్డంగా నిలిపి, ఆ కుడికాలితోనే ఎగిరి ఆ కాలిపైనే దిగుతారు. జర్మనీకి చెందిన వెర్నర్ రిట్‌బెర్గర్ 1910లో చేసిన ఈ జంప్‌ను ఐరోపాలో చాలాచోట్ల ఇప్పటికీ రిట్‌బెర్గర్ అనే పిలుస్తారు.

టో పిక్ గుచ్చితే మిగిలేవి మూడు. ఇక్కడ ఈ జంప్‌ల పొందిక బయటపడుతుంది. లూప్ అంచుకే, అంటే కుడికాలి బయటి అంచుకే, ఎడమకాలి టో పిక్ తోడైతే టో లూప్. సాల్కౌ అంచుకు, ఎడమకాలి లోపలి అంచుకు, కుడికాలి టో పిక్ తోడైతే ఫ్లిప్. ఇలా రెండు జతలు ఏర్పడతాయి. ఈ ఐదింట్లో జత లేకుండా ఒంటరిగా మిగిలేది లట్జ్.

మూడో ప్రశ్న ఆ లట్జ్ కోసమే. ఫ్లిప్‌లోనూ లట్జ్‌లోనూ ఎడమకాలిపై వెనక్కి జారడమే, కుడికాలి టో పిక్ గుచ్చడమే. తేడా ఎడమకాలి అంచు ఒక్కటే: ఫ్లిప్‌కు లోపలిది, లట్జ్‌కు బయటిది. ఈ చిన్న తేడా పనినంతా మార్చేస్తుంది. మిగతా ఐదు జంప్‌లలో దారి వంపు కూడా ఎడమవైపుకే, కాబట్టి ఆ వంపే తిరగడానికి సాయపడుతుంది. లట్జ్‌లో దారి కుడివైపు వంపు తిరుగుతుంటే, ఒళ్లు ఎడమవైపు తిరగాలి. అందుకే లట్జ్ చేసేవారు తరచూ రింక్ మూల వైపుకు పొడవుగా, నిదానంగా వెనక్కి జారి వస్తారు. ఎదురు వంపును చివరి క్షణం దాకా బిగపట్టి, టో పిక్ దిగాక గానీ తిరుగుడును వదలరు. 1913లో దీన్ని చేసిన ఆస్ట్రియన్ అలోయిస్ లట్జ్ పేరే దీనికి స్థిరపడింది.

తప్పు కూడా అక్కడే దొర్లుతుంది. తిరగాలన్న తొందరలో చీలమండ లోపలికి ఒరిగితే అంచు మారిపోతుంది, లట్జ్ కాస్తా ఫ్లిప్ అవుతుంది. స్కేటర్లు దీన్ని ఫ్లట్జ్ అంటారు. ఫ్లిప్ చేయబోయి బయటి అంచుపైకి ఒరిగితే అది లిప్. టెక్నికల్ ప్యానెల్ ఆ క్షణాన్ని నెమ్మదిగా తిప్పి చూస్తుంది. అంచు స్పష్టంగా తప్పితే స్కోరు పత్రంలో ఆ జంప్ పక్కన ‘ఇ’ గుర్తు పడుతుంది, దాని విలువ తగ్గుతుంది. తప్పిందా లేదా అన్నది తేలనంత స్వల్పమైతే ఆశ్చర్యార్థకం వేసి సరిపెడతారు.

అంచుల లెక్క తెలిస్తే కాంబినేషన్ల, అంటే వెంటవెంటనే చేసే జంప్‌ల, రహస్యమూ విడిపోతుంది. ఏ జంప్ తర్వాతైనా స్కేటర్ కుడికాలి బయటి అంచుపైనే ఉంటాడు. అడుగు మార్చకుండా అక్కడి నుంచి మళ్లీ లేవగలిగేవి టో లూప్, లూప్ మాత్రమే. రెండో జంప్‌గా తరచూ ఇవే వినిపించడానికి కారణం అది. సాల్కౌనో ఫ్లిప్‌నో చేర్చాలంటే మధ్యలో ఆయిలర్ అనే చిన్న జంప్ వేసి, ఎడమకాలి లోపలి అంచుపై దిగాలి.

ఇంత జాగ్రత్త మంచు మీదే ఎందుకంటే, పాదం లేచాక తిరుగుడుకు కొత్త బలం చేర్చడానికి ఊతమేదీ ఉండదు. మంచు నుంచి తెచ్చుకున్నదే పెట్టుబడి. చేతులు దగ్గరకు లాగి, కాళ్లు మెలివేస్తే అదే బలంతో వేగం పెరుగుతుంది. దిగేముందు చేతులు విప్పితే తగ్గుతుంది. ఇదంతా ఒక సెకను కూడా నిండని వ్యవధిలో జరగాలి. 2022 సెప్టెంబరులో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో 17 ఏళ్ల ఇలియా మలినిన్ ఆ వ్యవధిలో నాలుగున్నర చుట్లు తిరిగి, పోటీలో క్వాడ్ యాక్సెల్‌ను పూర్తి చేసిన తొలి స్కేటర్ అయ్యాడు.

ఇప్పుడు 2022-23 సీజన్ మూల విలువల పట్టిక తీసి చదివితే అంకెలే కథ చెబుతాయి. మూడు చుట్ల టో లూప్‌కు 4.2, సాల్కౌకు 4.3, లూప్‌కు 4.9, ఫ్లిప్‌కు 5.3, లట్జ్‌కు 5.9. యాక్సెల్ దగ్గర అది ఒక్కసారిగా 8.0కు ఎగబాకుతుంది. ఫ్లిప్‌కూ లట్జ్‌కూ మధ్యనున్న 0.6 పాయింట్లు ఎదురు వంపుకు కట్టిన వెల. లట్జ్‌కూ యాక్సెల్‌కూ మధ్యనున్న 2.1 పాయింట్లలో పెద్ద వాటా ఆ అదనపు అర చుట్టుది. అంచు చూడటం అలవాటైతే, వ్యాఖ్యాత నోరు తెరవకముందే జంప్ పేరూ దాని వెలా చెప్పేయవచ్చు.