ఒకే అరలో అంబాసిడర్, ఏటీఆర్

నార్సింగిలో మా గాజు బీరువా రెండో అరలో రెండు బొమ్మలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి 1:64 తెల్ల అంబాసిడర్. రెండోది 1:400 ఏటీఆర్-72, హైదరాబాద్ నుంచి రాజమండ్రి లాంటి ఊళ్లకు తిరిగే ప్రొపెల్లర్ విమానం. స్కేలు పెట్టి కొలిస్తే రెండూ 6.8 సెంటీమీటర్లే. అసలు కారు 4.3 మీటర్లు, అసలు విమానం 27 మీటర్ల పైన. ఇంటికొచ్చినవాళ్లు రెండిట్నీ ఒక్క చూపులో చూసి ‘డై-కాస్ట్ బొమ్మలా’ అని కాఫీ వైపు తిరుగుతారు. లోహం ఒకటేనన్న మాట నిజమే. జింకులో అల్యూమినియం, కాస్త రాగి, మెగ్నీషియం కలిపి కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. ఆ తర్వాత రెండిటి దారులూ వేరు.

అంబాసిడర్‌ని అరచేతిలో పెట్టుకుంటే ముందు బరువు తెలుస్తుంది, వెంటనే వేలు దానంతటదే చక్రం మీదికి పోతుంది. టేబుల్ మీద పెట్టి తోస్తే దూసుకుపోతుంది. ఈ సుఖం నేర్పింది 1968లో మ్యాటెల్ తెచ్చిన హాట్ వీల్స్. సన్నని ఇరుసుల మీద తేలిగ్గా తిరిగే ఆ చక్రాలు చూసి, అప్పటిదాకా రాజ్యమేలిన మ్యాచ్‌బాక్స్ కూడా మరుసటి ఏడాదే ‘సూపర్‌ఫాస్ట్’ చక్రాలకు మారక తప్పలేదు.

అయితే కొలతల విషయంలో కారు బొమ్మ నిజాయితీ అంతంత మాత్రం. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే బడికి తీసుకురానిస్తారన్న నిబంధన వల్ల జాక్ ఓడెల్ తన కూతురికి చేసిచ్చిన చిన్న బొమ్మ నుంచి 1953లో మ్యాచ్‌బాక్స్ పుట్టింది. అంటే అక్కడ కొలత పెట్టింది పెట్టె, బండి కాదు. ఆ అలవాటు ఇంకా పోలేదు. సూపర్‌మార్కెట్ కొక్కానికి వేలాడే హాట్ వీల్స్ చూడండి, లారీ, బుల్లి కారు దాదాపు ఒకే పొడవుంటాయి. పేరుకే 1:64.

విమానాల దగ్గర ఈ వేషాలు సాగవు. 1:400 అంటే 1:400. ఏటీఆర్ పక్కన బోయింగ్ 747-400 పెడితే అది 17.7 సెంటీమీటర్లు. తల్లి పక్కన పిల్లలా ఏటీఆర్ ఒదిగి కూర్చుంటుంది. అదే 747ని అంబాసిడర్ కొలతకు తెస్తే మీటరు దాటుతుంది, అర కాదు కదా బీరువా కూడా చాలదు.

ఇంకో తేడా నాకు మరీ ముఖ్యం. ఎయిర్ ఇండియా 747 మోడల్‌ని భూతద్దం కింద పెట్టండి. కిటికీ కిటికీకి ఎర్రని ఝరోఖా తోరణం, ఒక్కోటి ఆవగింజ కన్నా చిన్నది, అచ్చు చెదరకుండా. తోక దగ్గర రిజిస్ట్రేషన్ వీటీ-ఈవీఏ అని ఉంటే అది ‘ఆగ్రా’, 2024 ఏప్రిల్ 22న ముంబయి నుంచి ఆఖరిసారి ఎగిరి, రెక్కలు ఊపి వెళ్లిపోయిన విమానం. వీటీ-ఈఎస్‌ఓ అయితే ‘ఖజురహో’. అచ్చు ఒకటే, రంగులు ఒకటే, రెండక్షరాలు మారితే మనిషి మారినట్టు లెక్క. నిక్కచ్చి సేకర్త ఆ అక్షరాలు చూశాకే డబ్బు తీస్తాడు.

మరి అంబాసిడర్? అది ‘ఒక అంబాసిడర్’. ఎవరిదో తెలీదు, ఏ ఏడాదిదో తెలీదు. నంబరు ప్లేటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. మా బాల్కనీలోంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయే కార్లూ ఇంతే, అంత ఎత్తు నుంచి నంబర్లు కనపడవు. కానీ ఇలా నంబరు పట్టించుకోకపోవడం మన ఊరి స్వభావమేనా అని అనుమానం. ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 2024లో 9999 నంబరుకి పాతిక లక్షల పైన పోసిన ఊరు మనది. ఎన్టీఆర్ 1983 ఎన్నికలకు తిరిగిన షెవ్రోలే వ్యాన్‌ని చైతన్యరథమని పేరు పెట్టి పిలుచుకున్నవాళ్లం. ఆ వ్యాన్‌కి మోడల్ చేస్తే ‘ఒక వ్యాన్’గా చేసి తప్పించుకోలేరు. మిగతా కార్ల బొమ్మలకు మాత్రం ఆ పట్టింపు లేదు, అదే నా ఫిర్యాదు.

విమానం మీదా నాకు ఫిర్యాదుంది. కారు చేసే పనిని కారు బొమ్మ కాస్తయినా చేస్తుంది. విమానం బొమ్మ ఒక్క పనీ చెయ్యదు. చక్రాలు కిందికి దించుకుని ఎప్పటికీ పార్కింగ్‌లోనే. ఎగరలేని లోటు కనపడకుండా ఒంటినిండా రంగులు, అక్షరాలు, వెంట్రుకంత యాంటెనాలు పరుచుకుంటుంది. వెల కూడా వేలల్లో. హాట్ వీల్స్ రెండొందల లోపే, కార్డు చించినా ప్రాణం పోదు. ట్రెజర్ హంట్ అనే అరుదైన హాట్ వీల్స్ దొరికినవాడు మాత్రం చించడు, అది వేరే జబ్బు.

పోయిన ఆదివారం ఆరేళ్ల మేనల్లుడికి రెండూ చేతికిచ్చాను. అంబాసిడర్‌ని సోఫా కిందికి ఒక్కసారి తోసి వదిలేశాడు. ఏటీఆర్‌ని వదల్లేదు. ‘మావయ్యా, తప్పుకో’ అంటూ దాన్ని తల మీదికెత్తి, నోటితో ప్రొపెల్లర్ చప్పుడు చేస్తూ హాలంతా మూడు చుట్లు తిప్పాడు. దిగేసరికి వీపు మీది యాంటెనా లేదు. ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ టార్చి వేసి వెతికాం. సోఫా కింద అంబాసిడర్ దొరికింది.