పుటశిరస్సులు: అధికారనిర్ణయము

గ్రంథమధ్యమున నొక పుటను దెఱచిన పాఠకునకుఁ దా నెచట నున్నాఁడో తెలుపవలసినది పుటశిరస్సున నుండు శీర్షిక. ఇది యలంకారము గాదు, గ్రంథాంగము. వర్డ్ ప్రాసెసర్లతోఁ గూర్పఁబడుచున్న నేఁటి తెలుఁగు పుస్తకములఁ బెక్కింటియం దీయంగమునకుఁ బట్టిన దురవస్థ విమర్శింపఁదగియున్నది.

తాళపత్రప్రతులందు లేఖకుఁ డంచున నాకుసంఖ్యను వేయుచుండెను. ఆశ్వాసనామము సాధారణముగా నాశ్వాసాంతగద్యమునఁ దెలియవచ్చుచుండెను. అనఁగా భాగనామము కడపటఁ జెప్పఁబడెడిది. అచ్చు వచ్చిన పిమ్మట నది ప్రతిపుటకును దలపై కెక్కినది. ఇందలి ప్రయోజనమును బాలవ్యాకరణముచే నెఱుఁగవచ్చును. అందుఁ బరిచ్ఛేదములు 10. సూత్రసంఖ్య ప్రతిపరిచ్ఛేదమునను మరల నొకటితో మొదలగును. కావునఁ బుటయందు 12 అను నంకె మాత్రమే యున్నచో నది సంధిపరిచ్ఛేదములోనిదో సమాసపరిచ్ఛేదములోనిదో తెలియదు. అట్టి గ్రంథమున నెల్లపుటలపైనను గ్రంథనామమునే ముద్రించుట వ్యర్థము. పుస్తకమును జేతఁ బట్టినవానికి దాని పేరు తెలియును, తెలియనిది పరిచ్ఛేదము. ఆంధ్రమహాభారతమునఁ బ్రత్యాశ్వాసమునను బద్యసంఖ్య మరల మొదలగుటచే నచటను నిదియే చిక్కు.

పాణినీయమున దీనికిఁ దగిన పోలిక కలదు. తృతీయాధ్యాయారంభమునఁ జెప్పఁబడిన ప్రత్యయాధికారము పంచమాధ్యాయాంతము వఱకు సాగును. షష్ఠాధ్యాయ చతుర్థపాదమున మొదలైన యంగాధికారము సప్తమాధ్యాయాంతము వఱకుఁ బోవును. ఒకమాఱు చెప్పఁబడిన పదము తరువాతి సూత్రములందు మరల నుచ్చరింపఁబడకయే పనిచేయును. అధికారమునకు స్వరితము గుర్తని ప్రథమాధ్యాయ తృతీయపాదమున 11వ సూత్రము విధించుచున్నది. కాని నేఁటి పాఠములందా స్వరచిహ్నము నిలువలేదు. అందుచే నధికారావధిని వ్యాఖ్యాతలు చెప్పినఁగాని తెలియుట లేదు. గుర్తు చెడిన నవధి చెడునని దీనివలనఁ దేలుచున్నది.

మైక్రోసాఫ్ట్ వర్డునందలి స్టైల్‌రెఫ్ అను ఫీల్డు ఇట్టి యధికారసాధనమే. ప్రకరణనామమునకు హెడింగ్ 1 అను స్టైలును, ఉపప్రకరణనామమునకు హెడింగ్ 2 అను స్టైలును బెట్టి, హెడరునం దీ ఫీల్డు నొకమాఱుంచిన, పుటపుటకును దగిన నామము దానంతటఁ గనఁబడును. పుటలో శీర్షిక లేనిచో వెనుకటి పుటలలోని సమీపశీర్షికను దెచ్చును. ఇదియే యనువృత్తి. కాని యక్షరములు కూర్చువారు పెక్కండ్రు శీర్షికను లావుచేసి పెద్దయక్షరములఁ జూపుదురే కాని స్టైలు నీయరు. అది కంటికి శీర్షిక, యంత్రమునకు సామాన్యవాక్యము. ఇదియే స్వరితము లేని యధికారము. ఫీల్డు పనిచేయమిచే వారు హెడర్లను జేతితోఁ గొట్టుదురు. పిదప శీర్షిక సవరింపఁబడినను హెడరు పాతదిగానే నిలిచి, గ్రంథము తన్నుఁ దానే ఖండించుకొనును.

మఱియొక సూక్ష్మము గలదు. పుట నడుమఁ గ్రొత్త యుపప్రకరణము మొదలైనపుడు స్టైల్‌రెఫ్ సహజముగా నాపుటలోని తొలిశీర్షికను జూపును. అప్పుడు పుట పైభాగము వెనుకటి యుపప్రకరణమునకుఁ జెందియుఁ గ్రొత్తదాని పేరు దాల్చును. ఎల్ అను స్విచ్చును జేర్చినఁ గడపటి శీర్షిక వచ్చును గాని యీ దోషము దీఱదు. డొనాల్డ్ క్నూత్ నిర్మింపఁగా 1978లో వెలువడిన టెక్ అను కూర్పుసాధనమునందు మూఁడు గుర్తులు వేఱ్వేఱుగాఁ గలవు: పుటాదికి ననువర్తించుచున్నది, పుటలోఁ దొలుత వచ్చినది, కడపట వచ్చినది. అనువృత్తిని బుటాదిని గుర్తించుటచే నీ పద్ధతి లక్షణశుద్ధమైనది.

కావున నిర్ణయ మిట్లుండఁదగును. నిఘంటువులందు నెడమపుటపైఁ దొలిపదమును, గుడిపుటపైఁ గడపటి పదమును నుండవలెను. ఇందులకు స్టైల్‌రెఫ్ చాలును. లక్షణగ్రంథములందుఁ బరిచ్ఛేదము క్రొత్తపుటతో మొదలుకావలెను. ఎడమపుటపైఁ బరిచ్ఛేదనామమును, గుడిపుటపై నుపప్రకరణనామమును నుండవలెను. శీర్షిక దీర్ఘమైనచో శిరస్సునకు సంక్షిప్తరూపము వేఱుగాఁ గల్పింపవలెను.

వెదకుటకు యంత్రములున్న యీ కాలమున శిరస్సు లెందులకని కొంద ఱందురు. యంత్రము పదమును జూపును. ఆ పద మే ప్రకరణమునందలిదో పుటయే చెప్పవలెను. మఱియు నేఁడు పుటలు ఫొటోలై గ్రంథమును విడిచి యొంటిగాఁ దిరుగుచున్నవి. పునర్ముద్రణములందుఁ బుటసంఖ్యలు మాఱుచున్నవి. పరిచ్ఛేదనామమును సూత్రసంఖ్యయు మాత్రమే మాఱనివి. వాని నా పుట తలపై మోయకున్నచో, దానినుండి యుదాహరించిన విద్యార్థి మూలమును జూపఁజాలఁడు. పరీక్షించువాఁ డా యుదాహరణమును నమ్మఁజాలఁడు. కర్తృత్వము తెలియని చాటువువలె నా పుట వివాదములకే మిగులును.