అల కంటే ముందొచ్చే నీరు

విశాఖ–భీమిలి తీరంలో, తొట్లకొండ దిగువన మంగమారిపేట దగ్గర ఒక సహజ శిలాతోరణం ఉంది. సెలవుల్లో నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లినవాళ్లు పంపే ఫొటోల కింద ఎప్పుడూ ఒకటే మాట: ‘అలలు చెక్కిన శిల్పం’. ఈ వారమూ అదే వచ్చింది. అందులో సగం కథే ఉంది.

మిగతా సగం నిజామాబాద్ జిల్లాలోని సిరికొండ బాయిల్లో కనిపిస్తుంది. తవ్వితే పైన మట్టి, కింద మొరం, ఆ కింద గట్టి బండ. మొరమంటే మెత్తబడిన బండే. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమవుతుంది. నెర్రెల వెంట దిగి, రాతిలోని ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌ను సుద్ద చేస్తుంది. నెర్రెలు కలిసే మూలల్లో బండ పలు వైపుల నుంచీ తరుగుతుంది; మిగిలిన గుండు గుండ్రబడుతుంది. ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్ట మీది గుండ్ల రూపం అలా నేల కిందే మొదలైంది.

ఇక తోరణమున్న తీరానికి వస్తే, విశాఖ కొండలది ఖోండలైట్ అనే రాయి. నీరు తగిలితే అందులోని ఫెల్డ్‌స్పార్ సుద్దవుతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి రాయి ఎర్రబడుతుంది. క్వార్ట్జ్ ఎక్కువున్న పట్టీలు నిలుస్తాయి. కాలమూ వాననీటి వైపే ఉంది. సుమారు 20,000 ఏళ్ల కింద, మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్ల దిగువన ఉండేది. ఇప్పటి మట్టానికి చేరువై ఆరేడు వేల ఏళ్లే. వాననీరు రాతిలోకి ఇంకడం అంతకంటే ఎంతో పాతది.

అల పని వేరు. అది నెర్రెల్లోని గాలిని నొక్కుతుంది. వెనక్కి తగ్గగానే ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించి రాతిముక్కల్ని కదిలిస్తుంది. ఇసుక, గులకరాళ్లు కొండ పాదాన్ని అరగదీస్తాయి. ఎండిన ఉప్పు స్ఫటికాలు రాతి రేణువుల్ని విడదీస్తాయి. పాదం గుల్లయితే పైభాగం కూలుతుంది; సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాయిని ఈ వైపు నుంచి ఆ వైపు దాకా తొలిస్తే తోరణం మిగులుతుంది.

ఇంతదాకా వస్తే తీర్పు నీటికే ఇవ్వాలనిపిస్తుంది. కానీ మెత్తబడిన రాయి కదలకపోతే కింది బండకు అదే కప్పవుతుంది. పొలాల కింద మొరం అలాగే ఉండిపోయింది; గుట్టల మీద వానలు దాన్ని కడిగేయబట్టే గుండ్లు బయటపడ్డాయి. తీరంలో ఆ ఊడ్చే పని అలది. నీరు రాయిని సిద్ధం చేస్తుంది, ఎక్కడ ఎంత మిగలాలో మోసుకుపోయే శక్తి తేలుస్తుంది. అందుకే ఒడ్డును కాపాడే గోడకు ముందు అల దెబ్బను తట్టుకునే రాళ్లూ కావాలి, వెనక ఊటనీరు పోయే తూములూ కావాలి.